తమ్ముడి రైలు, తాత జెండాలు

మా ఇంట్లో నేవీకి పోయే మనిషిని సాగనంపడానికి స్టేషనుకు ఎవరూ పోయేవాళ్లు కాదు. వరంగల్‌లో ఎవరింటి మనిషి దూరం పోతున్నా వాడకట్టు మొత్తం ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. సద్దిమూటలు, కళ్లు తుడుచుకునే కొంగులు, కిటికీ ఊచల్లోంచి చేతులు. మా ఇంటి మగవాళ్లు మాత్రం ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకొని ఒంటరిగా పోయేవారు. మిగిలినవాళ్లం డాబా ఎక్కేవాళ్లం.

మా ఇల్లు అండర్‌బ్రిడ్జి అవతల, పట్టాలకు దగ్గర. విజయవాడ వైపు పోయే బండి స్టేషను వదిలి, ఇంకా వేగం అందుకోకముందే మా డాబా ముందు నుంచి పోతుంది. బండి కనబడగానే తాత రెండు చేతుల్లో రెండు చిన్న జెండాలు పట్టుకొని నిటారుగా నిలబడేవాడు. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి పక్కకు, మళ్లీ రెండూ ఏటవాలుగా, అట్లా ఒక్కో భంగిమకు ఒక్కో అక్షరం. బోగీ తలుపు దగ్గర నిలబడ్డ మా బాపు చెయ్యెత్తి అందిందని చూపేవాడు. అదే మా వీడ్కోలు.

తాత బ్రిటిష్ వాళ్ల కాలంలో, పెద్ద యుద్ధం జరిగినప్పుడు, ఓడ మీద సిగ్నల్ మనిషి. మిషన్ బోర్డింగులో చదివిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఆ పనిలో కుదిరాడు. ఒక ఓడ మాటను ఇంకో ఓడకు జెండాలతో చేరవేయడం ఆయన ఉద్యోగం. తర్వాత ఆయన కొడుకు, మా బాపు, నేవీలోనే ఇంజను గదిలో చేరాడు. ధర్మసాగర్ చెరువు నిండితేనే సముద్రమంత ఉందని చెప్పుకునే ఊళ్లో మాది నేవీవాళ్ల ఇల్లు.

తాత పంపే మాట ఎప్పుడూ ఒక్కటే. 'దేవుడు తోడు'. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో. దాంతో ఒక చిక్కుంది. 'దేవుడు' పూర్తయ్యేసరికి బండి ముందుకు పోయి రైసుమిల్లు గోడ అడ్డం వచ్చేది. రెండో మాట ఎప్పుడూ బండికి అందేది కాదు. అయినా తాత ఆపేవాడు కాదు. ఆ గోడకే 'తోడు' కూడా అక్షరం అక్షరం చెప్పి, మాట అయిపోయిందన్న గుర్తుగా జెండాలు రెండూ మోకాళ్ల ముందు కలిపి దించేవాడు.

బాపు సెలవుకు వచ్చినప్పుడు నవ్వేవాడు.

"నాకెప్పుడు సగమే అందుతది నాయినా. దేవుడు వస్తడు, తోడు మిల్లు కాన్నే ఆగిపోతది."

"మొదటిది అందింది గదరా," అనేవాడు తాత. "రెండోది దాని ఎంబడే ఉంటది."

ఆ జెండాలు రెండు జతలు. ఒకటి తాత ఓడ మీద వాడిన అసలు జత. ఒక్కో జెండా మూల నుంచి మూలకు సగం ఎరుపు, సగం పసుపు. ఉప్పుగాలికి రంగు కొంచెం మాసింది గానీ బట్ట చెక్కు చెదరలేదు. బాపు మొదటిసారి పోయినప్పుడు తాత వాటితోనే మాట పంపాడట. మర్నాడే రైల్వే మనిషి ఒకాయన వచ్చి, పట్టాల పక్కన ఎర్రజెండా కనబడితే డ్రైవరు బండి ఆపుతాడని, ఇంకోసారి ఊపితే ఊరుకునేది లేదని చెప్పి పోయాడు. అప్పుడు నాయనమ్మ తన నీలం చీర కొంగు, తాత పాత తెల్లధోతి చింపి ఇంకో జత కుట్టింది. అప్పటి నుంచి డాబా మీద నీలం తెలుపు, ట్రంకులో ఎరుపు పసుపు. రెండు జతలకూ ఒకే రకం ఖాకీ సంచులు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె మీద పడింది. మిషన్ దవాఖానలో డాక్టరమ్మ నా ఛాతీ మీద చాలాసేపు గొట్టం పెట్టి విని, నడిపించొద్దు, పరుగెత్తనివ్వద్దు, ఇంట్లోనే చదివించండి అంది. బతికినందుకు అమ్మ ప్రతి ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పేది. నేనూ దేవునికి వందనాలు చెప్పేదాన్ని. ఇప్పటికీ పొద్దున లేవగానే నా నోట వచ్చే మొదటి మాట అదే. అయితే ఆ రోజుల్లో వందనాలు చెబుతూనే, గేటు దగ్గర నుంచి వాడకట్టు ఆడపిల్లలు పలకలు పట్టుకొని పోతుంటే వాళ్ల కాళ్ల వంకే చూసేదాన్ని.

నాకు చదువు తాతే చెప్పాడు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన చలికాలం, బాపు ఓడ ఎక్కడుందో తెలియక అమ్మ రేడియో ముందు నుంచి లేచేది కాదు. నన్నూ ఆ రేడియో ముందు కూర్చోనివ్వడం ఇష్టం లేక తాత డాబా మీదికి ఎత్తుకొని పోయి, ట్రంకులోని జత నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు నేను పలక మీద కంటే ముందు నా చేతులతో నేర్చుకున్నాను. మోచేయి వంగితే చిన్న కర్రతో తట్టేవాడు.

"ఎదుటోడు మైలు దూరముంటడు బిడ్డా. నీ మోచెయ్యి వంగితే ఆనికి ఇంకో అక్షరమైతది. కాళ్లతోని పనిలేదు. చేతులు సక్కగుంటే చాలు."

కాళ్లతో పనిలేని పని ఒకటి లోకంలో ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఎరుపు పసుపు జెండాలు నావి కావాలని ఆ చలికాలంలోనే మనసులో పడింది. యుద్ధం అయిపోయి బాపు క్షేమంగా వచ్చాడు. తాత జెండాలు మళ్లీ ట్రంకులో పెట్టాడు. నాకిమ్మని ఒకసారి అడిగితే, కోపం లేకుండా చెప్పాడు.

"అవి ఓడెక్కెటోళ్లయి తల్లీ. మీ బాపుది ఇంజను పని, ఆయనకు వీటితోని అవసరం పడలె. ఆయన ఎనక ఎవలు పోతే వాళ్లయి."

ఆ 'ఎవలు' అంటే మా తమ్ముడని ఇద్దరికీ తెలుసు. అప్పటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా సరిగా రాదు.

తర్వాత తాత కళ్లకు పొరలు వచ్చాయి. దవాఖానకు తీసుకుపోతే ఒక కన్ను కొంచెం తేటపడింది, రెండోది పడలేదు. అప్పటి నుంచి డాబా మీద తాత పంపేవాడు, బండి తలుపు వైపు చూసి జవాబు చదివేది నేను. "ఏమన్నడు?" అని తాత అడుగుతాడు, "అందిందట తాతా" అని నేను చెబుతాను. ఓడ మీద కూడా ఒకడు చదివితే ఒకడు రాసుకుంటాడట. నేను లేకపోతే ఆ పని సగమే అవుతుందని నాకు లోపల్లోపల గొప్పగా ఉండేది.

ఎనభైల మొదట్లో తమ్ముడు ఇంటరు సగంలో వదిలేసి నేవీ సెలెక్షనుకు పోయాడు. ఛాతీ కొలిచారు, పరుగెత్తించారు, పళ్లు చూశారు. ఒరిస్సాలో ట్రైనింగుకు రమ్మని కబురు వచ్చిన రోజు వాడు ఇంటి చుట్టూ పరుగెత్తాడు. ఆ పరుగును నేను గడపలో కూర్చొని చూశాను. సంతోషంగా ఉందని అందరితో అన్నాను. అది అబద్ధం కాదు. కానీ వాడి కొత్త బూట్లను చూసినా, అమ్మ వాడి కోసం డబ్బాల్లో సకినాలు, గరిజెలు సర్దుతున్నా, నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

చర్చిలో పాస్టరయ్యగారు వాణ్ణి ముందుకు పిలిచి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మూడు తరాలు దేశానికి సేవ చేస్తున్న కుటుంబమని చెప్పారు. ఆడవాళ్ల చాప మీద కూర్చొని నేను ఆ తరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. తాత, బాపు, తమ్ముడు. నా కోసం ఏ వేలూ ముడవలేదు.

అంతకంటే కష్టమైన సంగతి ఇంటికి వచ్చాక జరిగింది. తాత నన్ను పిలిచి తమ్ముడికి జెండాల అక్షరాలు నేర్పమన్నాడు.

"నాకు వాని చేతులు సక్కగ కనబడయి. నువ్వైతే కనిపెడతవు. జర నేర్పు బిడ్డా."

నేర్పాను. వాడు తొందరమనిషి. మోచేయి వంచేవాడు, అక్షరాలు మింగేవాడు.

"గింత దానికి గంత ఎందుకే అక్కా. ఇప్పుడు ఓడలల్ల వైర్‌లెస్సుంటది."

"వైర్‌లెస్సు చెడిపోతే?"

"చెడిపోతే నిన్ను పిలుస్త. నువ్వు డాబా మీదికెల్లి ఊపు."

"పిలిస్తే రాకపోతనా," అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. పిలిస్తే నిజంగానే పోయేదాన్ని.

వాడు పోవడానికి ముందు రోజు ఇంటి ప్రార్థన తర్వాత తాత ట్రంకు తెరిచాడు. ఎరుపు పసుపు జెండాలను చేత్తో తడిమి, మడత సరిచేసి, ఖాకీ సంచిలో పెట్టి తమ్ముడికిచ్చాడు. వాడు మోకాళ్ల మీద నిలబడి అందుకున్నాడు. అమ్మ ఏడ్చింది. నేను ఆమేన్ అన్నాను. నాకు ఆ మాట అంత బరువుగా ఇంకెన్నడూ అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం బండి. తమ్ముడు రిక్షా ఎక్కి పోయాడు. అమ్మ, తాత, నేను డాబా మీదికి పోయాం. మెట్ల గదిలో కొయ్యకు వేలాడే ఖాకీ సంచిని తాత ఎప్పటిలాగే తడుముకొని తీసుకున్నాడు. నేను పిట్టగోడ దగ్గర స్టూలు మీద కూర్చొని పట్టాల వైపే చూస్తున్నాను. తమ్ముడు ఏ బోగీ తలుపులో ఉంటాడో పట్టుకోవాలి, జవాబు చదవాలి. నా పని అదే.

బండి కూత వేసింది. ఇంజను మా ముందుకు రాకముందే ఇంకోసారి, పొడుగ్గా కూసింది. చక్రాలు కీచుమన్నాయి. నేను వెనక్కి తిరిగి చూస్తే, తాత చేతుల్లో ఎరుపు పసుపు జెండాలు ఎండలో మెరుస్తున్నాయి.

"తాతా, ఆపు. అవి ఓడ జెండలు."

"ఏంది?"

"ఎర్రయి తాతా. బండి ఆగుతాంది."

తాత చేతులు అట్లాగే గాలిలో ఆగిపోయాయి. బండి కూడా ఆగింది. మా డాబా ముందు, మిల్లు గోడకు ఇవతల, అన్ని బోగీలూ నిలబడ్డాయి. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఇంజను దగ్గర నుంచి ఒకాయన దిగి మా వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని కిందికి పరుగెత్తింది.

ఒక తలుపులో తమ్ముడు కనిపించాడు. ముందు నోరు తెరిచి మమ్మల్ని చూశాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, ఉత్త చేతులతోనే, మెల్లగా అక్షరాలు పంపడం మొదలుపెట్టాడు. ఈసారి మోచేయి వంచలేదు.

"ఏమంటాండు?" అన్నాడు తాత.

"సారీ అంటాండు."

"ఎందుకట?"

నేను ఇంకొన్ని అక్షరాలు చదివాను. "జెండలు ఈన్నే ఇడిసిపెట్టి పోతాన్న అంటాండు తాతా."

నాకు అప్పుడు అర్థమైంది. వాడు తాత ఇచ్చిన సంచిని పెట్టెలో పెట్టుకోలేదు. పోయేటప్పుడు తెచ్చి మెట్ల గదిలో అదే కొయ్యకు తగిలించాడు. నీలం తెలుపు సంచి దాని వెనక ఉండిపోయింది. తాత చేతికి ముందున్నది తగిలింది.

తాత జెండాలు దించి, తడుముకుంటూ వచ్చి నా స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు తమ్ముడి మీద కోపం వచ్చింది. నిన్న రాత్రి నా కళ్ల ముందు మోకాళ్ల మీద అందుకున్న వస్తువు అది. నేను ఏళ్ల తరబడి అడిగింది వాడు కొయ్యకు తగిలించి పోతున్నాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు తాత. "బండి ఆగింది గద. నాతోని కాదు. మొత్తం చెప్పు."

లేచి నిలబడ్డాను. జెండాలు ముట్టుకోలేదు. ఉత్త చేతులతో 'దేవుడు' పంపాను. బండి ఇంకా నిలబడే ఉంది. 'తోడు' కూడా పంపాను. చేతులు మోకాళ్ల ముందు కలిపి దించాను. మా ఇంటి నుంచి ఆ మాట పూర్తిగా ఒక మనిషికి చేరడం అదే మొదటిసారి. తమ్ముడు చెయ్యెత్తాడు. అప్పుడు కూడా నాకు తోచిందేమిటంటే, ఏళ్ల తరబడి బాపుకు అందనిది వీడికి అందింది కదా అని.

బండి కదిలి పోయింది. ఎండ తగ్గకముందే స్టేషను నుంచి తెల్లప్యాంటు ఆఫీసరు, ఆయన వెంట ఒక కానిస్టేబులు మా ఇంటికి వచ్చారు. వాకిట్లో వాడకట్టు గుమిగూడింది. పక్కింటామె అందరికీ వినబడేట్టే అంది.

"తమ్ముడు పోతాంటే ఓర్వలేక రైలాపిచ్చిందమ్మా అక్క."

ఊపింది నేను కాదు. కానీ ఆ 'ఓర్వలేక' అన్న మాట దగ్గర నేను తల దించుకున్నాను.

ఆఫీసరు తాతను అడిగాడు, తాత ఉన్నదున్నట్టు చెప్పాడు. నేవీలో చేశానని, అవి నా జెండాలేనని, మనవడిని సాగనంపానని, కళ్లు కనబడక ఒక సంచికి బదులు ఇంకోటి తీశానని. కానిస్టేబులుకు నవ్వాగలేదు.

"నేవీ అంటే నీళ్లల్ల ఊపాలె గని, పట్టాల కాడ ఊపుతరా పెద్దయ్యా?"

ఆఫీసరు నవ్వలేదు. బల్ల మీద ఉన్న ఎరుపు పసుపు జెండాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఇవి మేం తీస్కపోతం," అన్నాడు.

ఆయన చంకలో ఆ ఎర్రరంగు చూడగానే నా నోట మాట దానంతటదే వచ్చింది.

"అవి నావి సార్."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ నా రెక్క పట్టుకుంది. తాత తన తేట కన్ను నా వైపు తిప్పాడు.

"ఎవరివి పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు. "మీవన్నరు గద. ఈ అమ్మాయివా, మీవా?"

మా తాత అబద్ధం ఆడడు. పాలామె వచ్చి పాలెట్లున్నయని అడిగితే, నీళ్లు జర ఎక్కువైనయి తల్లీ అని మొహం మీదే చెప్పే మనిషి. నాకు గుండె దడదడలాడింది. డాక్టరమ్మ వద్దన్న దడ అది.

"ఆమెవే," అన్నాడు తాత. "పదేండ్ల పిల్లగ కాకముందు నుంచి వాటితోనే అక్షరాలు నేర్సింది. నేను ముసలోణ్ణి, ఎత్కపోయి ఊపిన. తప్పు నాది. వస్తువు ఆమెది."

ఆఫీసరు నన్ను చూశాడు. గోడ మీద తాత ఫొటో, బాపు ఫొటో చూశాడు. అమ్మ నా గుండె సంగతి, బాపు ఇప్పుడు ఓడ మీద ఉన్న సంగతి చెప్పింది. ఆయన జెండాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇంట్ల పెట్టుకో. డాబా మీద మళ్ల కనబడితే మాత్రం ఊకోను."

"కనబడయి సార్," అన్నాను.

వాళ్లు పోయాక నేను జెండాలు తీసుకుపోయి తాత ట్రంకు మీద పెట్టాను. నావి అన్నాను గానీ నావి కావు కదా. దీపాలు పెట్టాక రోజూ లాగే ప్రార్థనకు కూర్చున్నాం. తాత పోయినవాడి కోసం, ఓడ మీద ఉన్నవాడి కోసం ప్రార్థన చేశాడు. ఆమేన్ తర్వాత లేవలేదు. "ఆ సంచి తే," అన్నాడు. తెచ్చాను. నిన్న తమ్ముడికి ఇచ్చినట్టే తడిమి, మడత సరిచేసి, నా వైపు చాపాడు.

"సర్కారు మనిషి ముందట నీయి అన్న. ఇప్పుడు నీయి గాకపోతే నేను అబద్ధమాడినోణ్ణయిత. పట్టు."

"ఓడెక్కెటోళ్లయి గద తాతా."

"ఎక్కెటోడు కొయ్యకు తగిలిచ్చి పోయిండు," అన్నాడు. ఆ మాటలో ఎంత నొప్పి ఉందో నాకు తెలుసు. అయినా చేతులు చాపాను.

దేవుడు నాకు ఎన్నో ఇచ్చాడు. పెద్దలు ఆశ వదులుకున్న ప్రాణం ఇచ్చాడు, చదువు ఇచ్చాడు. అవన్నీ అడగకుండానే వచ్చాయి. అడిగి, ఏడ్చి, ఓర్వలేక పొందింది ఇదొక్కటే. దానికి మిగిలినవాటికంటే ఎక్కువ వందనాలు చెబుతాను.

తమ్ముడు మొదటి సెలవుకు తెల్ల యూనిఫారంలో వచ్చాడు. వాడకట్టు పిల్లలంతా వాడి టోపీ వెనకే. అన్నం తింటూ జెండాల సంగతి తనే ఎత్తాడు.

"కొత్తగ పోయెటోడు తాత జెండలు పట్టుకపోతే అందరు నవ్వుతరేమోనని బుగులైంది తాతా. తప్పనుకోకు."

వాడే మళ్లీ అన్నాడు. "గని అక్షరాలల్ల నేనే ఫస్టు. మా ఇన్‌స్ట్రక్టరు, ఎవలు నేర్పిన్రురా నీకు అన్నడు. తాత అని చెప్పిన."

నేను కూర వడ్డిస్తున్నాను. గరిటె ఆగింది.

"తాతనా?" అన్నాను.

"అక్క అంటే నమ్ముతరానే?" అన్నాడు వాడు, పళ్లెంలోంచి తల ఎత్తకుండానే.

వాడికి ఇంకొక గరిటె ఎక్కువ కూర వేశాను. ఆ రోజు ప్రార్థనలో నా కడుపులోని మంటను దేవునికి చూపించాను. ఆయన ఆర్పలేదు. అది కూడా నా దగ్గరే ఉండనిచ్చాడు.

సెలవు అయిపోయి వాడు బయలుదేరిన రోజు తాత డాబా ఎక్కలేకపోయాడు. అమ్మ కింద వాకిట్లో మంచం వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. నేను మెట్టు మెట్టుకు ఆగుతూ పైకి పోయి, నీలం తెలుపు జెండాలు తీసుకున్నాను. ఎరుపు పసుపు జత నా పెట్టెలో, నా చీరల అడుగున ఉంది.

బండి వచ్చింది. తమ్ముడు తలుపులో నిలబడ్డాడు, తెల్ల బట్టల్లో, వెలుగుతూ. నేను పంపాను. 'దేవుడు' పూర్తయ్యేసరికి వాడు చెయ్యెత్తాడు. అంతలో మిల్లు గోడ అడ్డం వచ్చి వాణ్ణి తీసుకుపోయింది. నేను చూడని సముద్రం వైపు.

"అందిందా బిడ్డా?" కింద నుంచి తాత గొంతు.

"అందింది తాతా."

"అయిపోయిందా?"

"ఇంకోటి ఉన్నది," అన్నాను. గోడ వైపు తిరిగి, మోచేతులు వంచకుండా, మిగిలిన మాట అక్షరం అక్షరం చెప్పి, జెండాలు మోకాళ్ల ముందు కలిపి దించాను.